అడవి మాంసం వంటింట్లోకి వచ్చే ముందు

"డాక్టరుగారూ, అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఈ మధ్య స్నేహితులతో కలిసి వేటకు వెళ్తున్నాడు. ఫ్రీజరు నిండా ఎల్క్ మాంసం పెట్టుకున్నాడట. మా కోడలికి ఇప్పుడు అయిదో నెల. వచ్చే నెలలో నేను అక్కడికి వెళ్తున్నాను. ఆ మాంసం కోడలికి వండి పెట్టవచ్చునా? వేడి చెయ్యదు గదా?" అని గుంటూరు నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు.

రెండేళ్ల కిందటైతే "బాగా ఉడికించి పెట్టండి, ఫరవాలేదు" అని ఒక్క వాక్యంలో జవాబు రాసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు అలా రాయలేను. ఎందుకంటే పోయిన సంవత్సరం అక్టోబరులో సరిగ్గా ఈ ప్రశ్నే మా ఇంట్లో వచ్చింది. దాని మీద మా అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతే మీకు చెబుతాను. అందులోనే ఆ తల్లికి కావలసిన జవాబు కూడా ఉంది.

మా అమ్మాయీ అల్లుడూ కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్లో ఉంటారు. అమ్మాయికి ఆరో నెల వచ్చిందని మా ఆవిడ హడావిడి పడితే, నేను సెలవు పెట్టి, పై అధికారుల అనుమతి కాగితాల కోసం నెల రోజులు తిరిగి (ప్రభుత్వ వైద్యుడు దేశం దాటాలంటే రోగి ఆస్పత్రి దాటినంత తేలిక కాదు), చివరికి ఇద్దరం వెళ్లాం. అది వేట కాలం. ఆ రాష్ట్రంలో ఎల్క్ జంతువులు రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయట. ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని ఒక్క చోట లేవని అక్కడివారు గర్వంగా చెబుతారు.

ఎల్క్ అంటే మన దుప్పి కాదు. నల్లమలలోనో ఆదిలాబాద్ అడవుల్లోనో కణుజును చూసినవారికి పోలిక దొరుకుతుంది. దానికి దగ్గరి చుట్టమే. ఆడ ఎల్క్ ఒక్కటి 225 కిలోల వరకు తూగుతుంది. మగదైతే 300 కిలోలు దాటుతుంది.

ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకనో కణుజునో చంపడం నేరం. ఆ మాంసం దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. జైలుకు వెళ్లవలసి వస్తుంది. కనుక ఇక్కడ ఎవరైనా చీకటి పడ్డాక సంచీలో "అడవి మాంసం" తెచ్చి తలుపు కొడితే, పేపర్లో డాక్టరు రాశాడు గదా అని ఈ వ్యాసం ధైర్యంతో కొనకండి. నేను రాసేది లైసెన్సు మీద వేట సాగే దేశం సంగతి. అక్కడ వేటగాడు ముందు శిక్షణ పొందాలి. రైఫిలు సీజనులో ఒంటి మీద నారింజ రంగో గులాబీ రంగో మెరిసే చొక్కా, టోపీ ఉండాలి. చంపిన జంతువుకు లైసెన్సు చీటీ కట్టాలి. తినదగిన మాంసాన్ని అడవిలో పారేసి రావడం కూడా అక్కడ నేరమే.

పక్కింటాయన రిటైరైన బడిపంతులు. అరవై దాటాయి. మా అల్లుడికి ఆయనంటే గురి. "మావయ్యగారూ, మీరూ రండి, ఊరికే చూద్దురుగాని" అంటే సరేనన్నాను. పూడర్ నది లోయ వెంట పడమరగా కారులో వెళ్లి కొండల్లో గుడారం వేశాం. ఊరే 5,000 అడుగుల ఎత్తు. గుడారం దగ్గర 9,000 అడుగులు. నేను బి.పి. మాత్రలు మింగేవాణ్ణి. నూరు గజాలు నడిస్తే కుక్కలా రొప్పాను. ఆ రాత్రి తలనొప్పితో నిద్ర పట్టలేదు. సముద్ర మట్టం నుంచి వెళ్లేవారు అంత ఎత్తున మొదటి రెండు రోజులు మెల్లగా తిరగాలనీ, నీళ్లు ఎక్కువ తాగాలనీ ఇతరులకు చెప్పే నేనే ఆ సంగతి మరిచిపోయాను.

రెండో రోజు సాయంత్రం పంతులుగారి తూటాకు ఒక ఆడ ఎల్క్ పడింది. అసలు పని అప్పుడు మొదలైంది. వేట అంటే గురి చూసి కాల్చడం అనుకుంటాం గాని, మాంసం మంచిదవుతుందో చెడుతుందో తేలేది ఆ తరువాతి రెండు మూడు గంటల్లోనే. అంత పెద్ద జంతువు, దట్టమైన చర్మం. లోపలి వేడి బయటకు పోదు. తొడ ఎముక చుట్టూ ఉన్న కండ అన్నిటికంటె ఆలస్యంగా చల్లారుతుంది. అక్కడే ముందు కుళ్లుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. పంతులుగారు ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా పొట్ట తెరిచి, పేగులు తెగకుండా బయటకు తీసి, చర్మం ఒలిచి, నాలుగు భాగాలు చేసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి చెట్టుకు వేలాడదీశాడు. నెత్తిన కట్టుకున్న దీపం వెలుగులో రాత్రి పదిదాకా సాగింది ఆ పని. ముప్ఫై ఏళ్లు థియేటర్లో కత్తి పట్టినవాణ్ణి, ఆ చేతివాటం చూసి ముచ్చట పడ్డాను.

మా అల్లుడు మాత్రం ఉత్సాహంతో ఉత్త చేతులు లోపల పెట్టబోయాడు. వేలికి ముందురోజు తెగిన గాయం ఉంది. "ఏం బాబూ, ఆస్పత్రిలో ఇలా చేస్తే నర్సమ్మ చెయ్యి పట్టుకుని బయటకు పంపుతుంది" అని రబ్బరు తొడుగులు ఇచ్చాను. నవ్వాడు గాని వేసుకున్నాడు.

మర్నాడు ఒక్కొక్క తొడ వీపున వేసుకుని కారు దాకా మోశారు. ఒక్కొక్కటి పాతిక ముప్ఫై కిలోలు. పంతులుగారు కూర్చుంటే నాడి పట్టుకుని చూశాను. నిమిషానికి 150 దాటింది. ఆ వయసుకు అది గుండెకు పరీక్షే. సంవత్సరమంతా కుర్చీలో కూర్చుని, ఒక్క వారం చలిలో కొండలెక్కి బరువు మోసేవాళ్లకు గుండెపోటు రావడం వింత కాదు. వేటకు వెళ్లే మీ అబ్బాయిలకు యాభై దాటిన స్నేహితులుంటే ఈ ముక్క చెప్పమనండి.

ఇంటికి వచ్చాక ఎముకలు తీసేసినా డెబ్భై కిలోల దాకా మాంసం తేలింది. ఆదివారం పంతులుగారు వెన్నుకండ ముక్కలు పళ్లెంలో పేర్చి తెచ్చి, "కడుపుతో ఉన్న అమ్మాయికి బలం" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. ఎల్క్ పచ్చి మాంసం వంద గ్రాముల్లో మాంసకృత్తులు 23 గ్రాములు, కొవ్వు గ్రామున్నర మాత్రమే. ఇనుము కూడా బాగా ఉంటుంది. మన మేకమాంసంలో కూడా ఇంతకంటె కొవ్వే ఎక్కువ. కొవ్వు లేని మాంసం గనుక ఎక్కువ సేపు కాలిస్తే తోలులా అవుతుంది. అందుకని వాళ్లు ఇనుప పెనం మీద పైపైన కాల్చి, లోపల ఎర్రగా ఉండగానే తింటారు. పంతులుగారు అలాగే కాల్చి, మొదటి ముక్క మా అమ్మాయి పళ్లెంలో వేశాడు.

నేను పళ్లెం వెనక్కి లాగాను.

"దీని తల పరీక్షకు ఇచ్చారా? ఫలితం వచ్చిందా?" అని అడిగాను. ఇచ్చాననీ, రావడానికి రెండు వారాలు పడుతుందనీ, నలభై ఏళ్లుగా తింటున్నాననీ, ఏమీ కాలేదనీ అన్నాడు. ముఖం చిన్నబోయింది. "తూటా సీసందా, రాగిదా?" అని కూడా అడిగాను. సీసందేనన్నాడు. "అయితే అమ్మాయికి వద్దు. మిగతావాళ్లం ఫలితం వచ్చాక తింటాం" అన్నాను. ఆయన మర్యాదగా లేచి వెళ్లిపోయాడు. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, "నాన్నా, ఆయన ఎంత ప్రేమగా తెచ్చారు! ఇక్కడ కూడా ఓ.పి. నడపాలా నువ్వు?" అంది. మా ఆవిడ మాత్రం "జింకను తినడమేమిటర్రా" అని మొదటి నుంచీ పప్పుచారు దగ్గరే ఉంది.

అంత మొండిగా ఎందుకున్నానో ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో విశాఖ ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేశాను. ఒకరోజు ఒక గిరిజన యువకుడు ముంజేతి మీద పుండుతో వచ్చాడు. మధ్యలో బొగ్గులా నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. నొప్పి లేదన్నాడు. కాలిందనుకున్నాను. పూతమందు ఇచ్చి పంపాను. అదే వారం ఒక ముసలమ్మను కడుపునొప్పి, రక్త విరేచనాలతో మోసుకొచ్చారు. సెలైను పెట్టాను. ఆ రాత్రే పోయింది. రిజిస్టరులో "విరేచనాలు" అని రాశాను. మూడో రోజు అదే ఊరు నుంచి అలాంటి నల్ల పెచ్చుతోనే ఇంకో ఇద్దరు వచ్చారు. అప్పుడు గాని నోరు తెరిచి అడగలేదు, ఏం కోశారు, ఏం తిన్నారు అని. దానంతట అది చచ్చిపోయిన మేకను కోసి ఊరంతా పంచుకున్నారట. ఆంత్రాక్స్. కాలేజీలో పేజీ నంబరుతో సహా చదివిన జబ్బు. పెన్సిలిన్‌తో ఆ ముగ్గురూ బతికారు. ముసలమ్మ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. మొదటి రోజే ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఆమెకు సెలైనుతో పాటు పెన్సిలిన్ కూడా ఇచ్చేవాణ్ణి.

అప్పటి నుంచి మాంసం తిన్నవాళ్లను ఈ ప్రశ్న అడగకుండా వదలను: అది ఎలా చచ్చింది? వేటలోనైనా అంతే. పడి ఉన్న కళేబరాన్ని తీసుకోకూడదు. తూలుతున్నదీ, చొంగ కారుస్తున్నదీ, బక్కచిక్కి మనిషిని చూసినా బెదరనిదీ కనిపిస్తే తుపాకీ ఎత్తవద్దు. అటవీ సిబ్బందికి కబురు చెయ్యాలి.

ఈ చివరి లక్షణాలు ఊరికే రాయలేదు. "క్రానిక్ వేస్టింగ్ డిసీజ్" అని జింక జాతికి వచ్చే జబ్బు ఒకటుంది. "క్షయింపజేసే జబ్బు" అనుకోవచ్చు. దాన్ని మొదట గుర్తించింది సరిగ్గా మా అమ్మాయి ఉన్న ఫోర్ట్ కాలిన్స్‌లోనే. 1967లో అక్కడి పరిశోధన కేంద్రంలో పెంచుతున్న జింకల్లో కనిపించింది. మెదడు స్పాంజిలా చిల్లులు పడే జబ్బని 1978లో తేలింది. 1981లో అడవిలోని ఎల్క్‌లో బయటపడింది. బ్రిటన్‌లో ఆవులకు వచ్చిన పిచ్చిజబ్బు, ఇదీ ఒకే కుటుంబం. దీనికి కారణం సూక్ష్మజీవి కాదు. ప్రియాన్ అనే వికటించిన ప్రోటీను. ఫ్రీజరులో పెట్టినా, కుక్కరులో పది కూతలు పెట్టినా అది చావదు, ఎందుకంటే దానికి ప్రాణమే లేదు. జంతువుకు జబ్బు సోకిన చాలాకాలం దాకా పైకి పుష్టిగానే కనిపిస్తుంది. మనిషికి ఈ జబ్బు సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, అనవసరంగా భయపడకండి. కాని ఆవుల జబ్బు విషయంలో కూడా మొదట ఇలాగే అనుకున్నారు. 1986లో ఆవుల్లో గుర్తిస్తే, 1996లో మనుషుల్లో బయటపడింది. అందుకే జబ్బు ఉన్న ప్రాంతాల్లో తల భాగంలోని గ్రంథులు పరీక్ష చేయించమనీ, ఉన్నట్టు తేలితే ఆ మాంసం తినవద్దనీ అమెరికా ఆరోగ్యశాఖ వారి సలహా. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం ఎలాగూ ముట్టుకోకూడదు. తలకాయ కూర ఇష్టపడే మనవాళ్లు ఈ ముక్క రెండోసారి చదవండి.

ఇక సీసం. సీసపు తూటా ఒంట్లోకి దిగగానే పొడి పొడి అయిపోతుంది. గాయం నుంచి జానెడు దూరానికి కూడా ఆ నలుసులు చెదురుతాయి. కంటికి కనిపించవు, పంటికి తగలవు. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకు దానంగా ఇచ్చిన జింకమాంసం పొట్లాలకు ఎక్స్‌రే తీస్తే నలుసులు బయటపడ్డాయి. అలాంటి మాంసం గర్భిణులూ, ఆరేళ్లలోపు పిల్లలూ తినవద్దని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ చెప్పింది. సీసం మాయ దాటి బిడ్డ మెదడు దాకా పోతుంది. దీనికి వంట ఏమీ చెయ్యలేదు. పైగా చింతపండో, టొమాటోనో, పుల్లపెరుగో వేస్తే సీసం ఇంకాస్త కరిగి కూరలోకి దిగుతుంది. పూర్తిగా రాగితో చేసిన తూటాలు దొరుకుతున్నాయి. పెద్దవాళ్లు మాత్రమే తినే ఇంట్లోనైనా గాయం చుట్టూ దండిగా కోసి పారెయ్యాలి.

పన్నెండో రోజున పంతులుగారి ఫోనుకు కబురు వచ్చింది: జబ్బు కనిపించలేదు. ఆయనే వచ్చి చూపించాడు. నేను లేచి చెయ్యి పట్టుకుని ఆ రోజు మాటకు క్షమాపణ చెప్పాను, అడిగిన ప్రశ్నలకు మాత్రం కాదు. ఆయన నవ్వి, "మరి వండండి" అన్నాడు.

వంట మా అల్లుడూ నేనూ కలిసి చేశాం. పొట్లాన్ని వంటగట్టు మీద కాక ఫ్రిజ్ కింది అరలో పెట్టి ఒకటిన్నర రోజు కరగనిచ్చాం. పచ్చి మాంసానికి విడిగా ఒక పలక, విడిగా ఒక కత్తి. అదే పలక మీద పెరుగుపచ్చడికి ఉల్లిపాయలు తరిగితే, కూర ఎంత ఉడికినా లాభం లేదు. పచ్చి మాంసం అమ్మాయిని ముట్టుకోనివ్వలేదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే కడుపులోని బిడ్డకు చేటు. ముక్కలు చిన్నవిగా కోసి, అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, కాస్త పచ్చి బొప్పాయి గుజ్జు పట్టించి ఒక రాత్రి ఫ్రిజ్‌లోనే ఉంచాం. కొవ్వు లేని మాంసం గనుక నూనె మామూలు కంటె ఒక గరిటె ఎక్కువ పోయాలి, లేకపోతే అడుగంటుతుంది. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, ధనియాలపొడి, మిరియాలు, లవంగాలు దంచి వేసి, కుక్కరులో ఆరేడు కూతలు. పంతులుగారి పెనం మీద తోలు అయ్యే మాంసం మన పద్ధతిలో వెన్నలా విడిపోయింది. ఆయన మూడుసార్లు వడ్డించుకుని, చెమటలు తుడుచుకుంటూ తిన్నాడు. కుక్కరు లేకుండా వండేవారు మాంసం లోపల గుచ్చి చూసే థర్మామీటరు కొనుక్కోండి. నడిమధ్యన 71 డిగ్రీల సెంటీగ్రేడు రావాలి. రంగు చూసి చెప్పడం నాకూ రాదు, మీకూ రాదు.

అమ్మాయి ఆ రోజు గుడ్డు కూర తింది. కోపం తగ్గింది గాని పూర్తిగా కాదు.

ఫ్రీజరులో పెడితే అన్నీ చస్తాయనేది ఇంకో భ్రమ. 2022లో సౌత్ డకోటాలో ఒక కుటుంబం కలుసుకున్నప్పుడు 45 రోజులు గడ్డకట్టించిన ఎలుగుబంటి మాంసం సగం ఉడికీ ఉడకకుండా తిన్నారు. ఆరుగురికి ట్రైకినెల్లా పురుగుల జబ్బు వచ్చింది. వారిలో ఇద్దరు మాంసమే తినలేదు, దానితో కలిపి కాల్చిన కూరగాయలు మాత్రం తిన్నారు! "నేను ముక్కలు తీసేసి పులుసు పోసుకుంటాను" అనేవాళ్లకు ఇది చెబుతున్నాను. ఎల్క్‌లో ఈ పురుగు అరుదు. ఎలుగుబంటిలోనూ అడవిపందిలోనూ మామూలే. అట్లాగే మన ఎండుమాంసం లాగా అక్కడివారు "జర్కీ" చేస్తారు. 1995లో ఆరిగన్ రాష్ట్రంలో ఇంట్లో ఎండబెట్టిన జింకమాంసం తిని కొందరికి ఇ-కోలై విరేచనాలు పట్టుకున్నాయి. ముందు ఉడికించి తరువాత ఎండబెడితే ఆ బెడద లేదు.

గుంటూరు తల్లిగారు "వేడి చేస్తుందా" అని అడిగారు. చెయ్యదమ్మా. వేడీ చలువా లెక్కలు వైద్యశాస్త్రంలో లేవు. కీళ్లవాతం, ముఖ్యంగా యూరిక్ ఆమ్లం ఎక్కువై బొటనవేలు వాచేవారు మాత్రం ఏ ఎర్రమాంసమైనా తగ్గించుకోవాలి, మీవారికి ఆ బాధ ఉంటే చెప్పండి. మీ కోడలి సంగతి మీ అబ్బాయి జవాబు మీద ఆధారపడి ఉంటుంది. తూటా సీసందైతే ప్రసవం అయ్యేదాకా, పాలిచ్చే రోజుల్లో కూడా వద్దు. రాగిదై, తల పరీక్షలో జబ్బు లేదని తేలి, మీరే దగ్గరుండి మెత్తగా ఉడికిస్తే, నాలుగు ముక్కలు నిశ్చింతగా పెట్టండి. ఆవిడ తినకపోతే బలవంతం చెయ్యకండి. ఆకుకూరలు, గుడ్లు, పప్పు, డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు చాలు.

మా అమ్మాయికి ఫిబ్రవరిలో మగపిల్లవాడు పుట్టాడు, 3 కిలోల 100 గ్రాములు. పోయిన వారం మా అల్లుడు ఫోను చేసి, ఫ్రీజరు అడుగున ఇంకా కొన్ని పొట్లాలు దొరికాయి, ఏం చెయ్యమంటారు మావయ్యగారూ అన్నాడు. పొట్లం మీద తేదీ చదవమన్నాను. ఖీమా అయితే నాలుగు నెలలు దాటితే రుచి చెడుతుంది, ముక్కలు సంవత్సరం దాకా ఆగుతాయి. రెండు పొట్లాల మీద తేదీ రాయలేదట. పంతులుగారి చేతిరాత కాదు, మావాడిదే. పారెయ్యమన్నాను.